మంచు పడని ఊరివాడి మనవి

సంబంధిత అధికారులకు, సంబంధం లేని అధికారులకు, ఆపైన మేఘాలకు తిరుపతి పౌరుడు ఒకడు సవినయంగా చేసుకునే మనవి ఏమనగా, మా ఊళ్లో మంచు పడాలి. ఎక్కువ అక్కర్లేదు. మా వీధి చివరి పాలబూత్ నుంచి మా గేటు దాకా, మోకాలి ఎత్తున, ఒక్క వారం పడితే చాలు. ఈ కోరికకు కారణం పర్యావరణమూ కాదు, పర్యాటకమూ కాదు. మా అక్క.

మా అక్క కొడుకు రోడ్ల ఇంజనీరు. రెండేళ్ల కిందట వాడిని హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయకు, కేలాంగ్ అనే ఊరికి వేశారు. అప్పటినుంచి మా అక్క మాటతీరే మారిపోయింది. సంక్రాంతికి కలిసినప్పుడు ఎవరైనా "ఈసారి చలి కాస్త ఎక్కువే" అంటే చాలు, "మాకు మైనస్ 15" అంటుంది. ఆవిడ ఉండేది ఇక్కడే, తిరుపతి కొర్లగుంటలో.

ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు వీడియో కాల్. కుటుంబమంతా హాజరు కావాలి. మొదటిసారి మేనల్లుడు ఉతికిన తువ్వాలును తీగ మీదనుంచి తీసి చూపించాడు. అది వాడి చేతిలో అప్పడంలా నిటారుగా నిలబడింది. వేలితో కొడితే టకటకమంది. గోడకు ఆనిస్తే బుద్ధిగా ఆనుకుంది.

"ఇలా ఉంటే ఎప్పుడు ఆరుతుందిరా?" అంది అక్క.

"ఇలాగే ఆరుతుందమ్మా. గడ్డ కరిగి నీళ్లు కాకుండానే ఆవిరైపోతుంది."

మా ఆవిడ నావైపు చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో నేను తడి తువ్వాలును మంచం మీద పడేశానే గాని ఒక్కసారైనా గోడకు నిలబెట్టలేదన్నది ఆ చూపులోని సారాంశం. మా వైపు తువ్వాలుకు తెలిసిన విద్య ఒకటే: బస్టాండులో కిటికీలోంచి ఎగిరి సీటు మీద వాలడం. అదీ శాస్త్రమే, కానీ ఎవరూ వీడియో తీయరు.

ఆ తర్వాతి ఆదివారాల్లో పాఠాలు మొదలయ్యాయి. కేలాంగ్ సముద్రమట్టానికి 3,000 మీటర్ల పైన ఉంటుంది. అంత ఎత్తులో నీళ్లు 100 డిగ్రీల దాకా ఆగవు, సుమారు 90కే మరిగిపోతాయి. మరగడానికి తొందర, ఉడికించడానికి బద్ధకం. మా బంధువుల్లో ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు కాబట్టి విషయం వెంటనే అర్థమైంది. గిన్నెలో వేసిన కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది, కుక్కర్ ఉండి తీరాలి. ఇక్కడినుంచి పట్టుకెళ్లిన రాగిపిండితో వాడు ఒకరోజు సంగటి కెలికాడట. ఊరుబిండి తెచ్చుకోవడానికి లేచి వెళ్లి వచ్చేలోగా ముద్ద తూకం రాయిలా బిగుసుకుని కూర్చుందట.

రాత్రి పడుకునే ముందు కొళాయిని సన్నగా కారనివ్వాలని ఇంకో పాఠం. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బి పైపును పగలగొడుతుంది. కదిలే నీరు అంత సులువుగా గడ్డకట్టదు. మా ఊళ్లో రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయి, వాళ్ల ఊళ్లో జనవరికి పైపులు పగులుతాయి. అంతవరకు జాతీయ సమైక్యతే. కానీ రాత్రంతా కొళాయి వదిలేస్తారన్న మాట విన్నాక మా ఆవిడకు నిద్ర పట్టలేదు. కల్యాణి డ్యామ్‌లో నీళ్లెన్ని ఉన్నాయో పేపర్లో చూసి పప్పు నానబోసుకునే ఊరు మాది.

డీజిల్ సంగతి కూడా చెప్పాడు. ఆ చలికి మామూలు డీజిల్‌లోని మైనం తేలి చిక్కబడిపోతుంది. లారీ డ్రైవర్లు పొద్దున్నే ట్యాంకు కింద మంట పెట్టి బండిని నిద్ర లేపేవారట. 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా తట్టుకునే ప్రత్యేక డీజిల్ తెచ్చారు. ట్యాంకు కింద మంట పెట్టి పక్కనే టీ తాగే మనుషులున్నారని విన్నాక, మా ఘాట్ రోడ్డు డ్రైవర్ల మీద గౌరవం తగ్గలేదు గాని, వాళ్ల తరఫున నేను పడే గర్వం కాస్త తగ్గింది. కేలాంగ్‌కు కొద్ది దూరంలో, చంద్ర, భాగ నదులు కలిసే తాండి దగ్గర ఒక పెట్రోలు బంకు ఉంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని చెప్పే దాని బోర్డు దేశమంతా ప్రసిద్ధి. ఆ బోర్డు ముందు నిలబడి మేనల్లుడు దిగిన ఫొటో మా అక్క ఇంట్లో దేవుడి పటాల వరుసలోకి చేరింది.

ఇక్కడ భాష తరఫున ఒక ఫిర్యాదు నమోదు చేయాలి. గడ్డి కొసన మెరిసేది మంచు. ఎదురొచ్చే లారీని దాచేది పొగమంచు. చెరుకురసం బండి మీద గోనెసంచి కప్పుకుని పడుకునేది మంచుగడ్డ. హిమాలయం నెత్తిన ఉన్నదీ మంచే. రాత్రి రాలిన పొడి మంచు వేరు, పగలు కరిగి రాత్రి మళ్లీ బిగిసిన మంచు వేరు, తారు రోడ్డు మీద కంటికి ఆనకుండా పరుచుకుని కాలు జార్చేది వేరు అని మేనల్లుడు వివరిస్తుంటే, మేము మూడింటికీ "మంచే కదా" అని తలూపాము. అదే వేడి గురించి అడగండి. మే నెలలో తిరుపతిలో పొద్దున ఎనిమిదింటికి ఉండేది ఎండ. పదకొండుకు అది కాక. రెండింటికి వడ. కరెంటు పోతే ఉక్క. అర్ధరాత్రి గోడలోంచి వచ్చి వీపును పలకరించేది సెగ. ఇంత నిఘంటువు మోస్తున్న జాతి ఒక్క మాటతో మంచును ఎదుర్కోవలసి రావడం అన్యాయం.

చలి అంటే మాకు బొత్తిగా తెలియదనుకోకండి. మా ఇంట్లో కొబ్బరినూనె సీసా ఉంది. ధనుర్మాసంలో ఏదో ఒక పొద్దున అది తెల్లగా పేరుకుంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుందని, కాబట్టి ఇందులో మా చలి గొప్పతనం ఏమీ లేదని గిట్టనివారు అంటారు. అననివ్వండి. చీపురుపుల్లతో సీసా మూతిలో గుచ్చి, ఆ తెల్లటి గడ్డను కొంచెం కొంచెంగా అరచేతిలోకి రాబట్టి, రుద్దుతూ "ఈ ఏడు చలి ముదిరింది" అని ప్రకటించడం మా ఇంట్లో నా బాధ్యత. ఆ రోజే మంకీ టోపీ అటక దిగుతుంది. పాత చిత్తూరు జిల్లాలో నిజంగా చలేసే చోటు హార్సిలీ కొండ, అదే మన ఏనుగు మల్లమ్మ కొండ. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు అది మా చిత్తూరుకూ దక్కలేదు, తిరుపతికీ దక్కలేదు. మాకు కొబ్బరినూనె సీసా మిగిలింది.

మంచు పడితే మీ ఊరు తట్టుకోగలదా అని అడిగేవారు మా ఊరిని చూడనివారు. వరుసలో నిలబడటం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. మొదటి రోజు సాయంత్రానికే ఉచిత మంచు వరుస, 300 రూపాయల ప్రత్యేక మంచు వరుస విడిపోతాయి. సిఫారసు లేఖ తెచ్చినవారికి ఎవరూ తొక్కని మంచు కేటాయిస్తారు. రెండో రోజు ఇది ఎవరి హయాంలో మంజూరైన మంచు అన్న చర్చ మొదలవుతుంది. తామే కురిపించామని అధికారపక్షం, శంకుస్థాపన తామే చేశామని ప్రతిపక్షం. మూడో రోజు రేణిగుంట రోడ్డులో "మంచు కనిపించే ప్లాట్లు" వెలుస్తాయి. నాలుగో రోజు మంచు కరిగి రోడ్డు గుంతల్లో నిలుస్తుంది. ఆ దృశ్యం మాకు కొత్త కాదు కాబట్టి ప్రజాజీవనం యథావిధిగా సాగుతుంది.

మనవి ఇంతవరకు రాసి పెట్టుకున్నాక, ఒక ఆదివారం అక్క వంటింట్లోకి వెళ్లిన సమయం చూసి మేనల్లుడు గొంతు తగ్గించాడు.

"మామా, అమ్మకు చెప్పకండి. నడుము విరుగుతోంది."

అక్కడి పాతకాలపు ఇళ్లకు మన సీమ ఇళ్లలాగే చదునైన మట్టి మిద్దెలు. వాడు అద్దెకుండేది అలాంటి ఇంట్లోనే. రాత్రి మంచు పడిందంటే పొద్దున టీ కంటే ముందు చెక్కపార పట్టుకుని ఇంటి యజమానితో పాటు మిద్దెక్కాలి. కొత్తగా పడిన మంచు ఘనపు మీటరుకు 100 కిలోల వరకు తూగుతుంది, అణిగితే 300 కిలోలు. తోడకపోతే మిద్దె ఇంట్లోకి దిగుతుంది. 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం, 9 కిలోమీటర్ల పొడవున, తెరిచేదాకా చలికాలంలో రోహ్‌తాంగ్ కనుమ మూసుకుపోయి ఆ లోయకు దాదాపు ఆరు నెలలు బయటి దారి ఉండేది కాదు. ఇప్పుడు దారి ఉంది, దారి వెంట కార్లు ఉన్నాయి. పార దించి నడుము పట్టుకుని నిలబడ్డవాడి దగ్గర కారు ఆపి, "మీరెంత అదృష్టవంతులు, ఎప్పుడూ మంచులోనే ఉంటారు" అంటారట.

నాకు కాసేపు మాట రాలేదు. "మీరెంత అదృష్టవంతులండీ, తిరుపతిలోనే ఉంటారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు దర్శనం" అన్న మాటను మా సోఫా మీద సంచి దించుతూ అనని బంధువు ఇంతవరకు లేడు. మా ఇల్లు ఇల్లూ కాదు, సత్రమూ కాదు. నేను కొండెక్కి మూడేళ్లయింది. వచ్చినవాళ్లను అలిపిరి దాకా దింపి, గోవిందా అని అక్కడినుంచే నమస్కారం పెట్టి వెనక్కు తిరుగుతాను. ఎవరో ఒకరు రైలు దిగుతూనే ఉంటారు కాబట్టి.

మేనల్లుడు అక్కడితో ఆగితే బాగుండేది. వాడి ఇంటి యజమాని తిరుపతి పేరు వినగానే "బాలాజీ!" అని రెండు చేతులూ జోడించాడట. మా మామ ఉండేది అక్కడే అని వీడు నోరు జారాడు.

మే నెలలో ఆ దంపతులు రేణిగుంటలో దిగారు. ఎండ 43 డిగ్రీలు. కొండ మీద గుడి అన్నారని ఇద్దరి సంచుల్లోనూ స్వెట్టర్లు. మాకోసం ఐదు కిలోల లాహౌల్ బంగాళదుంపలు. పెద్దాయన మా హాల్లో ఫ్యాను కింద కూర్చుని, చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుతూ, చాలా మర్యాదగా, ఇక్కడ ఇలా ఎన్ని నెలలు అని అడిగాడు. నేను మార్చి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టేసరికి ఆయన కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు ఆయనకు అలవాటు ప్రకారం నాలుగున్నరకే మెలకువ వచ్చింది. అలవాటు ప్రకారమే మిద్దెక్కాడు. అక్కడ మా ఆవిడ ముందురోజు పెట్టిన బియ్యప్పిండి వడియాలు, నావి నాలుగు పాత పంచెలు పరిచి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, తెల్లవారుజాము వెలుగులో తెల్లగా పరుచుకుని ఉన్నాయి. ఆయన చెప్పులు విడిచి, గోడవారనే నడిచి, ఒక ఫొటో తీసి మేనల్లుడికి పంపాడు. కింద ఒక్క వాక్యం: మీ ఊళ్లోనూ పడింది.

వాడు దాన్ని కుటుంబ గ్రూపులో పెట్టాడు. మధ్యాహ్నం దాకా మా అక్క ఏమీ మాట్లాడలేదు.

సదరు ఫొటోను ఈ మనవికి సాక్ష్యంగా జతపరుస్తున్నాను. వడియాల నమూనా పంపమని అధికారులు కోరరాదని ప్రార్థన. స్వెట్టర్లు అక్కర్లేదని మా ఇంట్లో వదిలేసి, ఖాళీ అయిన సంచీలో ఆ వడియాలను నింపుకుని వాళ్లు కేలాంగ్ వెళ్లిపోయారు.