పద్నాలుగు లీటర్ల బలం

ఆదివారం సాయంత్రం ఆటకి పిల్లకాయలు వస్తామన్నారు. శనివారం రాత్రి ఎనిమిదైనా నా కార్డులు ఇంకా కంప్యూటర్లోనే ఉన్నాయి.

1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అని ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట తెచ్చినారు. ఒకరు కథ చెబుతారు. తక్కినవాళ్లు యోధుడో మాంత్రికుడో అయిపోయి ‘నేనిట్లా చేస్తా’ అంటారు. అది జరిగేదీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నేను డ్రాగన్ గుహ తీసేసి చంద్రగిరి కోట పెట్టినా. అసలు ఆటలో ఆరు గుణాలుంటే నా దాంట్లో మూడే: బలం, తెలివి, మాటకారితనం. ఇరవై ముఖాల పాచిక నేను తిరిగిన అంగళ్లలో దొరకలేదు. తంబోలా బిళ్లల్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి సంచిలో పోసినా.

కార్డులు నేను టైపు చేసింది యూనికోడు తెలుగులో, అచ్చేసిచ్చే డీటీపీ అంగట్లో ఉండేది ‘అను’ అనే వేరే రకం ఫాంట్లు. ఫైలు తెరిస్తే అన్నీ డబ్బాలే. “ప్రింటు తీసిచ్చేయండి సామీ, చూసి మళ్లీ కొట్టేస్తా. బొమ్మలు కూడా పెట్టేదా?” అన్నాడు అంగడాయన. పెట్టమన్నా. ప్రూఫు చూసుకోమన్నాడు. నా బండి నో పార్కింగులో ఉండాది. చూడకుండానే సంతకం గీకేసినా.

ఆదివారం అందరి ముందరా కట్ట విప్పినా.

ప్రతి కార్డు మీదా నేను ‘పాత్ర: యోధుడు’, ‘పాత్ర: మాంత్రికుడు’ అని రాసుకున్నా కదా. యోధుడికి గుండిగ బొమ్మ పెట్టినాడు. మాంత్రికుడికి కొమ్ముచెంబు. ఇది కొంచెం ఆలోచించే పెట్టినాడని ఒప్పుకోవాల. గూఢచారికి టీ జల్లెడ. పొట్టలో మాట ఒక్కటీ నిలవని గూఢచారి! అంకెల పక్కన కొలత మర్చిపోయినానని నా మీద జాలిపడి, అడక్కుండానే సరిచేసినాడు: ‘బలం 14 లీ., తెలివి 9 లీ.’

“బావా, ఈ మాంత్రికుణ్ణి ఇండక్షన్ మీద పెట్టొచ్చా?” అన్నాడు మా బామ్మర్ది. మాయమ్మ అద్దాలు పెట్టుకుని యోధుణ్ణి తిప్పితిప్పి చూసి, “మందంగానే ఉండాడు” అనింది. అయినా పట్టుదలగా కథ మొదలుపెట్టినా. కోటగోడ ఎక్కుతుంటే బిళ్ల ‘1’ పడింది. “నీ యోధుడు కిందపడి గాయపడినాడు” అన్నా. మా అక్క కొడుకు కార్డు చూసుకుని, “గాయం కాదు మామా, సొట్ట” అన్నాడు. ఆట అక్కడితో సరి.

సోమవారం పొద్దున్నే పోయి కార్డులు వాడి బల్ల మీద పడేసినా. “పాత్రలనే కదా సామీ రాసినారు?” అని నా కాయితమే నాకు చూపించినాడు. కింద నా సంతకం. నాలుగు వందల ఎనభై రూపాయలు! నాకు ప్రూఫు చూసే తీరిక లేకపాయె, వాడికి లీటర్లు చేర్చే తీరిక ఎట్లా దొరికిందో!

గంగజాతరకి ఏటా వేషాలేసే ఊళ్లో ఉండి, నాకు ఆ మాటే తట్టలేదు. “పాత్రలు తీసేసి వేషాలని పెట్టు. మళ్లీ డబ్బులు మాత్రం ఇయ్యను” అన్నా.

“ఇప్పుడు మీరేస్తా ఉండేది అదే కదా సామీ” అన్నాడు.