పక్కవాళ్లతో మాట్లాడమంటారా!

తరగతి గదికి పెద్ద ఆపదే వచ్చి పడింది. పిల్లలు మాట్లాడాలట. అదీ పాఠం గురించి, అదీ ఒకరితో ఒకరు! పక్కవాడితో మాట్లాడినందుకు ఇన్నేళ్లూ బెంచీ ఎక్కించిన నేనే ఇప్పుడు 'పక్కవాడితో మాట్లాడు నాయనా' అని బతిమాలాలి.

ఈ ముసలం 1981లో పుట్టింది. అమెరికాలో ఫ్రాంక్ లైమన్ అనే ఆయన 'థింక్-పెయిర్-షేర్' అన్నాడు. ముందు ఎవరికి వారు ఆలోచించుకోవాలి, తర్వాత జంటగా చర్చించుకోవాలి, ఆపైన క్లాసుకు చెప్పాలి. ఈ మూడింట్లో నా ఉపన్యాసం ఎక్కడుందో వెతికాను. లేదు.

అంతకు ముందే నెడ్ ఫ్లాండర్స్ అనే పరిశోధకుడు ఓ లెక్క తేల్చాడు. క్లాసు సమయంలో మూడింట రెండొంతులు ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారట, ఆ మాటల్లో మూడింట రెండొంతులు టీచరువేనట. అంటే 45 నిమిషాల పీరియడ్‌లో 20 నిమిషాలు నావి. 10 నిమిషాలు 40 మంది పిల్లలవి, తలా 15 సెకన్లు. హాజరు పలికి ఒకసారి తుమ్మడానికి అది చాలదూ? అదే జంటల్లో వదిలితే 4 నిమిషాలకే తలా 2 నిమిషాలు దక్కుతాయి. ఏకంగా 8 రెట్లు! ఇంత దుబారా ఎవరు భరిస్తారు?

ప్రశ్న అడిగాక కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని మేరీ బడ్ రో అనే ఆవిడ చెప్పింది. ఆగి చూశాను. రెండో సెకనుకే టెన్షన్ తట్టుకోలేక జవాబు నేనే చెప్పేశాను.

అయినా నా మీద మాట రాకూడదని ఒకరోజు 'చర్చించుకోండి' అన్నాను. ప్రతి జంటలో వాగుడుకాయ వాగింది, రెండోవాళ్లు గంగిరెద్దుల్లా తలూపారు. హమ్మయ్య, అచ్చం నా క్లాసులాగే ఉందనుకున్నాను. ఈలోగా ఎవరో సలహా ఇచ్చారు: ఒక్కొక్కరికీ నిమిషం చొప్పున వంతు పెట్టాలి, క్లాసుకు చెప్పేటప్పుడు ఎవరి మాట వాళ్లు కాకుండా పక్కవాళ్ల మాట చెప్పాలి. పెట్టాను, బుద్ధి తక్కువై.

ఏడాదంతా నోరు విప్పని చివరి బెంచీ అమ్మాయి లేచింది. తన జోడీ ఏమందో చెప్పింది. అది ఎక్కడ తప్పో చెప్పింది. ఆ తప్పు బోర్డు మీద నేను రాసిన రెండో లైను నుంచే వచ్చిందని కూడా చెప్పింది.

మర్నాటి నుంచి మా క్లాసులో మళ్లీ సూది పడితే వినబడుతోంది.