మూడు గీతల పక్కన ఒక్క మాట రాయండి

తెర పైమూలన ఒకదాని కింద ఒకటిగా ఉండే మూడు అడ్డగీతలను నొక్కితే మెనూ తెరుచుకుంటుందని తెలిసినవారు చాలామందే ఉన్నారు. తెలియనివారి గురించే నా బాధ.

మొన్న మా అమ్మ ఒక యాప్‌లో తన చిరునామా మార్చుకోవాలని చాలాసేపు ప్రయత్నించి, అందులో ఆ సదుపాయమే లేదనుకొని ఫోను పక్కన పెట్టేసింది. సదుపాయం ఉంది, ఆ మూడు గీతల వెనుక. వాటిని ఆమె చూసింది కూడా. కానీ అవి నొక్కడానికి ఉన్నవని ఆమెకు తోచలేదు. తోచాలని ఆశించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే భూతద్దం వెతుకులాటను గుర్తుచేసినట్టుగా మూడు గీతలు దేనినీ గుర్తుచేయవు.

1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటరు కోసం డిజైనర్ నార్మ్ కాక్స్ ఈ గుర్తును గీసినప్పుడు, తెరుచుకోబోయే జాబితా రూపాన్నే అందులో చూపాలనుకున్నారు. జాబితాను ముందే చూసినవారికి ఆ పోలిక అర్థమవుతుంది, చూడనివారికి అర్థం కాదు. పైగా దాదాపు ఇవే గీతలు కొన్ని యాప్‌లలో వరుసను పట్టుకొని జరపడానికి, రాతపనుల యాప్‌లలో పేరాను సర్దడానికి కూడా వాడుతున్నారు. ఇలాగే గుర్తులుగా వాడే నిలువు చుక్కలు, అడ్డ చుక్కలు, తొమ్మిది చుక్కల గడి సంగతి ఇక చెప్పనక్కరలేదు.

వెబ్‌సైట్లు, యాప్‌లు వాడటం ఎంత సులువో పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2016లో ప్రచురించిన పరిశీలనలో, డెస్క్‌టాప్ తెరపై దాచిన మెనూను 27 శాతం సందర్భాల్లోనే వాడారు; కనబడేలా ఉంచినప్పుడు అది సుమారు సగానికి చేరింది. ఫోనులో చోటు తక్కువన్న వాదనను నేను ఒప్పుకుంటాను. కానీ చేతి వెడల్పుకు మించిన తెర అంతా ఖాళీగా పడి ఉండగా, నాలుగంటే నాలుగు విభాగాల పేర్లను తీసుకెళ్లి గీతల వెనుక దాచడానికి ఏ కారణమూ కనబడదు.

చూపు లేనివారి ఇబ్బంది ఇంకా పెద్దది. తయారుచేసినవారు ఆ గుర్తుకు కోడ్‌లో పేరు పెట్టకపోతే, తెరపై ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ “బటన్” అని మాత్రమే చదివి ఊరుకుంటుంది.

యాప్‌లు తయారుచేసేవారిని నేను అడుగుతున్నది గుర్తును తీసేయమని కాదు. తరచుగా వాడే నాలుగైదు విభాగాలను పేర్లతో సహా తెర అడుగున ఉంచి, మిగిలినవాటికి మూడు గీతలు పెట్టి, వాటి పక్కన “మెనూ” అని రాయండి. గీతల మీద నొక్కినా, ఆ మాట మీద నొక్కినా తెరుచుకునేలా రెండింటినీ కలిపి ఒకే బటన్‌గా చేయండి.