మరణానంతర చదరంగానికి రేటింగు ఇవ్వాలి

హంగేరీ చదరంగ యోధుడు గేజా మారోట్సీ 1870లో సెగెడ్‌లో పుట్టి, 1951లో కన్నుమూసి, 1985లో మళ్లీ ఆటకు కూర్చున్నారు. ఈ మూడో ఘట్టాన్ని చరిత్రకారులు వింతవార్తల్లో పడేసి చేతులు దులుపుకుంటున్నారు. ఆయనకు జరిగిన అన్యాయాల్లో ఇది ఆఖరిది మాత్రమే.

బతికుండగా జరిగినవీ తక్కువేమీ కావు. 1902లోనూ 1904లోనూ మాంటెకార్లోలో, 1905లో ఆస్టెండ్‌లో ప్రథమ స్థానం కొట్టిన మనిషికి 1906లో ప్రపంచ విజేత లాస్కర్‌తో పోటీకి ఒప్పందమైతే కుదిరింది గానీ, పోటీ జరగలేదు. సిసిలియన్ అనే ప్రారంభ పద్ధతిలో సి4, ఇ4 గళ్లలో రెండు తెల్లబంట్లను పాతి నల్లపావులకు ఊపిరాడనివ్వని కట్టడిని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అంతటివారికి అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది 1950లో, ఎనభయ్యో పడిలో. అంతకుముందు ఫిడే ఎవరికీ ఆ హోదా ఇవ్వనేలేదని కొందరు సాంకేతికంగా వాదిస్తారు. అలాంటి వాదనలను మేము ఖాతరు చేయం. హోదాను అనుభవించడానికి ఆయనకు మిగిలింది ఏడాది. మిగతా ఆట ఆ లోకం నుంచి కాక ఇంకెక్కడినుంచి ఆడతారు?

1985లో మొదలైన ఆ ఆటలో, ప్రపంచ కిరీటం కోసం నాటి విజేత కార్పోవ్‌తో రెండుసార్లు తలపడిన విక్టర్ కోర్చ్‌నోయ్ తెల్లపావులు తీసుకోగా, చదరంగం తెలియదని చెప్పే రాబర్ట్ రోలన్స్ అనే మీడియం (ఆత్మల మాటలు అందిస్తానని చెప్పే వ్యక్తి) చేతిలోని కలం ద్వారా మారోట్సీ ఆత్మ నల్లపావుల ఎత్తులు రాసి పంపిందని నిర్వాహకులు ప్రకటించారు. ఆత్మ ఎంచుకున్నది ఫ్రెంచ్ డిఫెన్స్ అనే నల్లపావుల ప్రారంభ పద్ధతి. ప్రారంభం పాతకాలపుదని, ముగింపు మాత్రం గట్టిదని కోర్చ్‌నోయ్ తేల్చారు. ముప్పై నాలుగేళ్లుగా కొత్త పుస్తకాలు అందని చోట ఉన్నవారిని ప్రారంభం గురించి ఆక్షేపించడం న్యాయం కాదు; పైగా బతికున్నప్పుడూ మంత్రులు మిగిలిన ముగింపుల్లోనే కదా ఆయన దిట్ట! యాభై ఎత్తులైనా నిండని ఆ ఆట ఏడున్నరేళ్లకు పైగా సాగి, 1993 ఫిబ్రవరిలో ఆత్మ ఓటమి ఒప్పుకోవడంతో ముగిసింది. ఇదంతా మోసమేనని అనేవారికి మా ప్రశ్న ఒకటే: ఓడిపోవడానికి అన్నేళ్లు ఎవరు కష్టపడతారు?

ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో కొలిచే రేటింగు పద్ధతిని ఫిడే చేపట్టిందే 1970లో కనుక మారోట్సీకి అధికారిక రేటింగు లేకుండా పోయింది. ఈ ఒక్క ఆటనైనా లెక్కలోకి తీసుకుని ఆ లోటు తీర్చాలి. సభ్యత్వ రుసుము బకాయిలుంటే హంగేరీ సమాఖ్య భరించవచ్చు. చిరునామా మార్పు పత్రం కోసం మాత్రం ఆయన్ను ఒత్తిడి చేయరాదు.