150 శాతం రాసిందెవరు?

ప్రయోగశాల రసాయనాల మీద కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం మళ్లీ 10 శాతానికి దించింది. మంచిదే. 2024 జులై 23న బడ్జెట్‌లో ఆ సుంకాన్ని ఒక్కసారిగా 150 శాతానికి పెంచారు, దేశంలోని ల్యాబ్‌లన్నీ గగ్గోలు పెట్టాక ఆగస్టు 1న షరతులతో వెనక్కి తీసుకున్నారు. నడిచింది తొమ్మిది రోజులే కదా, ఇక వదిలేయండి అనే మాట అప్పుడే వినిపించింది. మేం వదిలేయలేం. ఇలాంటి నిర్ణయం బడ్జెట్ కాగితాల దాకా ఎలా వచ్చింది? ఏ శాస్త్రవేత్తను అడిగి రాశారు?

కారణంగా చెప్పింది పన్ను ఎగవేత. ల్యాబ్ రసాయనాల పేరుతో కొందరు మద్యంలో ఉండే ఇథైల్ ఆల్కహాల్‌ను తక్కువ సుంకానికి తెప్పించుకుంటున్నారు, అసలు పద్దు కింద తెస్తే దానికి 150 శాతం కట్టాలి. ఎగవేతను ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఆ పని ఆల్కహాల్ ఒక్కదాన్ని ఆ పద్దులోంచి తీసేసినా అయిపోయేది. దాన్ని వదిలేసి, అరకిలోకో అర లీటరుకో మించని ప్యాకింగుల్లో పరిశోధన కోసం వచ్చే వేల రకాల రసాయనాలన్నిటి మీదా అదే భారం వేశారు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

ఆ సీసాల్లో ఏముంటుందో నిర్ణయం తీసుకున్నవాళ్లకు తెలుసా? ఒక ఎంజైమ్ ఎలా పనిచేస్తుందో చూడాలంటే విశ్వవిద్యాలయాల్లో ముందుగా వాడేది ఎన్ఏడీహెచ్ అనే రసాయనం. ఈ అణువు 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది. ఎలక్ట్రాన్లను వదిలి ఎన్ఏడీగా మారితే ఆ కాంతిని ఇక పట్టించుకోదు. కాంతి ఎంత పీల్చుకుందో గీతగా చూపే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో ఆ గీత సెకను సెకనుకూ ఎంత పడిపోతోందో చూసి ఎంజైమ్ వేగాన్ని లెక్కగడతారు. ఏ మందు ఆ వేగాన్ని తగ్గిస్తుందో తెలిసేది కూడా అక్కడే. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లోనూ ఇదే, మందుల పరిశోధనలోనూ ఇదే. ఈ పొడిని ఫ్రీజర్‌లో దాచాలి, నీళ్లలో కలిపాక ఎక్కువ రోజులు నిలవదు. ధర పెరగకముందే రెండేళ్లకు సరిపడా కొని పెట్టుకుందామంటే కుదిరే సరుకు కాదు.

అయస్కాంత క్షేత్రంలో అణువుల నిర్మాణాన్ని చూపే ఎన్ఎంఆర్ పరికరం సంగతీ అంతే. మామూలు ద్రావణిలో ఉండే హైడ్రోజన్ సంకేతం మనం చూడాల్సిన అణువు సంకేతాన్ని మింగేస్తుంది. అందుకే హైడ్రోజన్ స్థానంలో దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న క్లోరోఫాం, భారజలం లాంటివి వాడతారు. ప్రొటీన్ ఎలా మడతపడిందో, మందు దాన్ని ఎక్కడ అంటుకుంటుందో చూడాలంటే కార్బన్, నైట్రోజన్‌ల బరువైన రూపాలు వాడాలి, అంటే కార్బన్-13 ఉన్న గ్లూకోజునూ నైట్రోజన్-15 ఉన్న లవణాన్నీ బ్యాక్టీరియాకు తినిపించి ఆ ప్రొటీన్‌ను తయారు చేయించాలి. వీటిని గ్రాముల లెక్కన కొంటారు, చాలావరకు బయటి దేశాల నుంచే వస్తాయి. మణుగూరులో మనమే భారజలం తయారు చేస్తున్నాం, అయినా డ్యుటీరియం ద్రావణుల సీసాల్లో ఎక్కువ భాగం ఇంకా విమానంలోనే దిగుతున్నాయి. స్వదేశీ తయారీ పెరగాలంటే ముందు ఇక్కడ ఆ పరిశ్రమను నిలబెట్టాలి. అది లేకుండా సుంకం పెంచితే ఆగిపోయేది పరిశోధనే.

లెక్క చూడండి. 10,000 రూపాయల సీసా, మిగతా పన్నులు పక్కన పెడితే, పాత సుంకంతో 11,000 అవుతుంది. 150 శాతంతో 25,000. సీఎస్ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి) ఫెలోషిప్ మీద పీహెచ్‌డీ చేసే విద్యార్థికి కంటింజెన్సీ, అంటే చిల్లర ఖర్చుల కింద ఏడాదికి వచ్చేది 20,000. ఏడాది డబ్బంతా పోసినా ఒక్క సీసా చేతికి రాదు. థీసిస్ గడువు దగ్గర పడుతున్న పిల్లలు ఆ తొమ్మిది రోజులూ ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి.

ఇదే మొదటిసారి అయితే పొరపాటనుకునేవాళ్లం. ప్రభుత్వ పరిశోధనా సంస్థలు కొనే పరికరాల మీద జీఎస్టీ 5 శాతమే ఉండేలా ఇచ్చిన రాయితీని 2022 జులైలో ఎత్తేశారు, పన్ను 18 శాతం దాకా పోయింది. ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటులోంచి ప్రభుత్వమే పన్ను కోసుకోవడం అది. అప్పుడు పరికరం, ఇప్పుడు రసాయనం. రెండుసార్లూ ఆ భారం పడింది ల్యాబ్ మీదే. ఈసారి గగ్గోలు గట్టిగా వచ్చింది కాబట్టి దిగివచ్చారు. ఎవరూ గమనించని పద్దులో రేపు ఇంకో అంకె మారితే? ముందు వేసేద్దాం, అరిస్తే తీసేద్దాం అన్న పద్ధతికి అలవాటు పడితే ఏ ప్రొఫెసరూ మూడేళ్ల ప్రాజెక్టుకు ధైర్యంగా బడ్జెట్ రాయలేరు. మా భయమంతా ఈ అలవాటు గురించే.

ఇదే ప్రభుత్వం ‘జై అనుసంధాన్’ అంటోంది. పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు ఐదేళ్లలో 50,000 కోట్లు అంటోంది, అందులో పెద్ద వాటా ప్రైవేటు నుంచి రావాలి. దేశం పరిశోధనకు పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉంది. ఆ కాస్త డబ్బునూ సుంకం రూపంలో వెనక్కి లాక్కునే ప్రయత్నం అదే బడ్జెట్‌లో జరిగింది.

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు వర్ధంతి ఆగస్టులోనే. భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. ద్రావణంలో వచ్చే నీలి రంగు ఎంత చిక్కగా ఉందో చూసి భాస్వరం ఎంతుందో చెప్పే పద్ధతి అది. ఆ రంగును పట్టుకునే 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీనీ బయటికి తీశారు. కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు దొరికింది శుద్ధమైన రసాయనాలతో, రంగును పోల్చే ఒక చిన్న పరికరంతో. ఇవాళ ఆయన విగ్రహాలకు దండలేసే ప్రభుత్వాలు ఆ రసాయనాల సీసాను మద్యం సీసాతో సమానంగా చూశాయి.

ఆర్థిక శాఖ ఈ ఫైలును పార్లమెంటు ముందు పెట్టాలి. సైన్స్ శాఖల అభిప్రాయం అడిగారా, అడిగితే వాళ్లేం రాశారు, అడగకపోతే ఎందుకు అడగలేదు అన్నది చెప్పాలి. కొత్త షరతుల కాగితాల భారం డీలర్ దగ్గర ఒకటీ రెండూ సీసాలు కొనే చిన్న విశ్వవిద్యాలయం మీద పడకుండా చూడాలి. ఢిల్లీలో అప్పట్లో ఆర్థిక శాఖ ఉన్న నార్త్ బ్లాక్ నుంచి రఫీ మార్గ్‌లోని సీఎస్ఐఆర్ కేంద్ర కార్యాలయానికి నడిచి వెళ్లొచ్చు. ఒక్క ఫోన్ చేసినా ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. ఆ ఒక్క ఫోన్ కూడా చేయని అధికారికి దేశంలోని ల్యాబ్‌లన్నిటి మీద సుంకం రాసే అధికారం ఎవరిచ్చారు?