ఒకే ఇంట్లో కూర్చోనివ్వండి

నిన్న రాత్రి పదకొండింటికి ఒక చెల్లి ఫోన్ చేసి ఏడ్చింది. పరాయి దేశానికి క్రైస్తవ పరిచర్యకు వెళ్ళి పది నెలలైంది. నెలనెలా పంపే రిపోర్టులో మూడు గళ్ళుంటాయి: ఎన్ని ఇళ్ళు దర్శించారు, ఎంతమందికి వాక్యం చెప్పారు, ఎంతమంది యేసును నమ్ముతామని నిర్ణయం తీసుకున్నారు. మూడో గడిలో పది నెలలుగా సున్నాయే వేస్తోంది. ఈసారి తనను పంపిన పెద్దల నుంచి మెసేజ్ వచ్చిందట, "నీ ప్రార్థనా జీవితం ఒకసారి పరీక్షించుకో అమ్మా" అని. లోపం తనలోనే ఉందని ఆ పిల్ల నమ్మేసింది.

ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను. తగ్గాక రాద్దామనుకున్నాను గానీ తెల్లారినా తగ్గలేదు.

నేనూ నాలుగేళ్ళు ఆ గళ్ళు నింపినదాన్నే. ఏ దేశమో, ఎవరి మధ్యో చెప్పను. నన్ను నమ్మి తలుపు తీసినవాళ్ళ ఇంటి సంగతులు ఆనవాళ్ళతో సహా బయటపెట్టే హక్కు నాకు లేదు. మొదటి ఏడాది రోజుకు ఎనిమిది ఇళ్ళు లెక్క. ఒక్కో ఇంట్లో అరగంట. కుశల ప్రశ్నలకు ఐదు నిమిషాలు, పాఠానికి ఇరవై, ప్రార్థనకు ఐదు. అలా ఏడాది తిరిగాను. రిపోర్టులు బాగా వెళ్ళేవి, మెచ్చుకుంటూ జవాబులు వచ్చేవి. ఆ ఇళ్ళలో ఏ ఒక్క ఇంటి పిల్లల పేర్లూ తడుముకోకుండా చెప్పలేకపోయేదాన్ని.

ఒక ఇంటి గురించి మాత్రం చెప్పాలి. తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలు, తండ్రిని కన్న ముసలమ్మ. మంగళవారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆ రోజు పాఠం పాపక్షమాపణ గురించి. వాళ్ళ భాషలో, పుస్తకంలో నేర్చుకున్న మాట పెట్టి "మనమందరం పాపులమే" అన్నాను. తండ్రి లేచి బయటికి వెళ్ళిపోయాడు. పెద్దపిల్ల నోట్‌బుక్ మూసేసి, దాని అట్ట మీద గోటితో గీతలు గీస్తూ కూర్చుంది. నేను ఆపలేదు. ఆయనకు వాక్యం గుచ్చుకుంది, దేవుడు పనిచేస్తున్నాడు అనుకున్నాను. సంతోషించాను కూడా. రిపోర్టులో అలాగే రాశాను. ఆ తర్వాతి వారాల్లో నేను వెళ్ళే వేళకు ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు.

మూడు నెలలయ్యాక ముసలమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, మెల్లిగా చెప్పింది. నేను వాడుతున్న మాట వాళ్ళ ఇళ్ళలో పాపానికి వాడరు, పోలీసు కేసుకు వాడతారు. ఆమె కొడుకు కుర్రతనంలో రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. పెద్దపిల్లకు తప్ప మిగతా ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. నేను వారం వారం ఆ ఇంట్లో కూర్చుని, కన్నబిడ్డల ముందు ఆ మనిషిని నేరస్థుడని అంటూ వచ్చాను.

"మొదటిరోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"నువ్వెప్పుడూ వెళ్ళిపోయే తొందరలో ఉంటావు కదా" అంది.

ఇది నా ఒక్కదానికే ఎదురైన చిక్కు కాదు. చైనా భాషలో పాపానికీ నేరానికీ కలిపి 'జుయ్' అనే ఒకే మాట ఉంది. ఏ మాట ఏ ఇంట్లో ఎవరికి తగులుతుందో నిఘంటువు చెప్పదు, ఆ ఇంటివాళ్ళే చెప్పాలి. వాళ్ళు చెప్పాలంటే మనం కూర్చోవాలి. పాఠం అయిపోయాక కూడా కూర్చోవాలి. మనం తేలేని నీళ్ళు వాళ్ళు తెచ్చుకుంటుంటే, మనకు అర్థంకాని గొడవ వాళ్ళలో వాళ్ళు పడుతుంటే, ఊరికే అక్కడే ఉండాలి.

ఇళ్ళు తగ్గిస్తానని పైవాళ్ళకు రాశాను. వెంటనే అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం చూపించారు. పౌలు ఇంటింటా బోధించాడు కదా, నువ్వు మూడిళ్ళు చాలంటావా అని. అదే అధ్యాయం ఇంకొంచెం కిందికి చదివితే, ఎఫెసులో మూడేళ్ళు రాత్రింబగళ్ళు కన్నీళ్ళతో బుద్ధి చెప్పానని పౌలే అంటాడు. మూడేళ్ళు ఒకే ఊరు! లూకా పదో అధ్యాయంలో ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపుతూ, మిమ్మల్ని చేర్చుకున్న ఇంట్లోనే ఉండండి, వాళ్ళు పెట్టింది తినండి, ఇంటింటికీ తిరగొద్దు అన్నాడు. అంత స్పష్టంగా చెప్పిన మాట పక్కన పెట్టి, ఇళ్ళు లెక్కపెట్టే గడి ఎక్కడినుంచి తెచ్చుకున్నామో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

పది నెలల సున్నాకి ప్రార్థనా జీవితం పరీక్షించుకోమన్న పెద్దలకు కొన్ని సంవత్సరాలు గుర్తుచేస్తాను. మిషనరీ విలియం కేరీ బెంగాల్‌లో దిగింది 1793లో, అక్కడ తన మొదటి విశ్వాసి కృష్ణ పాల్‌కి బాప్తిస్మం ఇచ్చింది 1800 డిసెంబర్‌లో. రాబర్ట్ మోరిసన్ చైనా చేరింది 1807లో, మొదటి బాప్తిస్మం 1814లో. అదోనిరాం జడ్సన్ బర్మాకు వెళ్ళింది 1813లో, మొదటి విశ్వాసి 1819లో. మన మీటింగుల్లో పేరు చెప్పగానే చప్పట్లు కొట్టేది వీళ్ళకే. ఆరేడేళ్ళ పాటు వీళ్ళలో ఎవరికైనా ఆ మూడో గడి ఇచ్చి ఉంటే అందులో ఏం రాసేవాళ్ళు?

వాళ్ళ కంటే ముందు 1706లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ తమిళం ఎలా నేర్చుకున్నాడో ఎంతమందికి తెలుసు? బడిపిల్లల మధ్య నేల మీద కూర్చుని, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దాడు. చదువుకున్న మనిషి, ఒక రాజు పంపగా వచ్చినవాడు, చిన్నపిల్లల పక్కన కూర్చుని దిద్దాడు. తొమ్మిదేళ్ళకు, 1715 కల్లా, తమిళంలో కొత్త నిబంధన అచ్చయి ఉంది. నాకు ఆ పుస్తకం కంటే ఆ ఇసుకే ఎక్కువ గుర్తొస్తుంది.

ఇక మనందరికీ నోటికొచ్చిన అంకె ఒకటుంది. 1878 జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. దీన్ని చెప్పని కన్వెన్షన్ నేను చూడలేదు. దాని ముందు సంగతి చెప్పినవాళ్ళను మాత్రం చాలా తక్కువమందిని చూశాను. 1876లో మొదలైన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాడు. జనం వచ్చి బాప్తిస్మం అడిగారు. ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని, కరువు పని నడిచినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలే ఆపేశాడు. ఏడాదికి పైగా తన చేత్తో తానే సున్నా వేసుకున్న మనిషి ఆయన! అంతకుముందు పదేళ్ళకు పైగా ఊరూరా బంధువుల ఇళ్ళలో కూర్చుని మాట్లాడింది యెర్రగుంట్ల పేరయ్య లాంటి తెలుగు విశ్వాసులు. ఆయన పేరు మన పోస్టర్ల మీద ఎప్పుడైనా చూశారా?

మన తెలుగువాడే జాన్ రంగయ్య, 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి వెళ్ళాడు. అక్కడ టీ తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగు కుటుంబాల మధ్య ఉండిపోయి, 1915లో అక్కడే కన్నుమూశాడు. పన్నెండేళ్ళు!

ఫోటోల గురించి కూడా ఒక మాట. ఇంటికి వెళ్ళిన పది నిమిషాలకు ఫోన్ తీసి, ప్రార్థనలో కళ్ళు మూసుకున్న ఆ ఇల్లాలిని ఫోటో తీసి గ్రూపులో పెట్టడం దయచేసి మానండి. నేను కూడా తీశాను. సపోర్టు ఇచ్చేవాళ్ళు అడుగుతారు, ఏం చేయను అనుకున్నాను. మతం మారుతున్నారన్న అనుమానం వస్తే చాలు, బంధువులు తలుపులు మూసే చోట్లున్నాయి, కేసులు పెట్టే దేశాలున్నాయి. మనం విమానం ఎక్కి వచ్చేస్తాం. ఫోటోలో ఉన్న మనిషి ఆ వీధిలోనే బతకాలి.

పిలవని చోటికి వెళ్ళడాన్ని కూడా విశ్వాసం అనే అంటున్నాం. 2018 నవంబర్‌లో అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవికి చట్టం వద్దన్నా వెళ్ళి ఒక అమెరికన్ యువకుడు చనిపోయాడు. ఆ ప్రాణం పోయినందుకు నాకు నిజంగా బాధే. కానీ దాన్ని మాదిరిగా చూపించి మన పిల్లలకు బోధించకండి. బయటివాళ్ళ మామూలు జలుబు కూడా తట్టుకోలేని అవకాశం ఉన్న జనం వాళ్ళు. వద్దు అని వాళ్ళు ఎన్నోసార్లు బాణాలతో చెప్పారు. వద్దన్న మాట వినడం కూడా ఎదుటి మనిషిని ప్రేమించడమే.

ఆ తండ్రి సంగతి అడుగుతారు, తెలుసు. క్షమించమని అడగడానికి ఆయన ఇంట్లో ఉండే వేళ చూసుకుని వెళ్ళాను. ముసలమ్మ నేర్పిన మాటతోనే అడిగాను. ఆయన ఏమీ అనలేదు. తన స్టూలు నా వైపు జరిపి, తను నేల మీద కూర్చున్నాడు. రెండు వారాల తర్వాత, చిన్నవాడికి చదవడం రావట్లేదు, ఆ పాఠాలతో పాటు ఇది కూడా చూడగలవా అని అడిగాడు. చూశాను. వాడు అక్షరాలు కూడబలుక్కుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడి తనూ పెదాలు కదిపేవాడు. బాప్తిస్మం తీసుకున్నాడా అంటే, లేదు. నేను వచ్చేసే రోజు బస్సు దాకా నా పెట్టె మోసుకొచ్చాడు. అది రాయడానికి ఏ గడీ లేదు.

చెల్లీ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట నసుగుతూ చెప్పావు. గురువారాలు ఒకావిడ నిన్ను వంటింట్లో కూర్చోబెట్టుకుని తన భాష నేర్పుతోందని, రెండు గంటలు వృథా అవుతున్నాయని, రిపోర్టులో అది ఒక్క ఇల్లే అవుతుందని. ఈ నెల కూడా సున్నా వేసి పంపేయి. ఏమన్నా అంటే నా నంబర్ ఇవ్వు, నేను మాట్లాడతాను. గురువారం మాత్రం ఆవిడ దగ్గరికి వెళ్ళు. ఫోన్ బ్యాగులోనే ఉంచు. ఆవిడ పిల్లల పేర్లు కనుక్కుని, పలకడం సరిగ్గా వచ్చిందాకా ఆవిడతోనే దిద్దించుకో.