కుందేలు తిండి మానేసేదాకా ఆగకండి

నిన్న సాయంత్రం నాలుగో అంతస్తు ఆంటీ మా తలుపు కొట్టారు. చేతిలో తువ్వాలు, అందులో వాళ్ళ మనవరాలి కుందేలు. దాని కింది ముందు పళ్ళు రెండూ వంకర తిరిగి, పై పెదవి మీదికి వచ్చేశాయి. ఇంకో చేతిలో నెయిల్ కట్టర్. "నువ్వు కుందేలుని పెంచుతున్నావు కదమ్మా, కాస్త గట్టిగా పట్టుకో, నేను కత్తిరించేస్తాను. వీడియోలో చూశాను, ఒక్క నిమిషం పని" అన్నారు.

కట్టర్ తీసుకుని పక్కన పెట్టాను. ఆవిణ్ణి తప్పు పట్టను. మూగజీవి సరిగ్గా తినలేకపోతుంటే చూడలేక ఏదో ఒకటి చేద్దామనుకున్నారు. కానీ నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. రెండేళ్ళ క్రితం నేను కూడా తెలియకుండానే మా కుందేలు దూదిని నెల రోజులు నొప్పిలో ఉంచాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ కట్టర్ సంగతి చెప్తాను. కుందేలు పన్ను గోరు లాంటిది కాదు. లోపల నరం ఉంటుంది, రక్తం ఉంటుంది. కట్టర్‌తో నొక్కితే పన్ను అడ్డంగా తెగడానికి బదులు నిలువునా చీలిపోవచ్చు. ఆ చీలిక పంటి చిగురు లోపలికి దిగితే వేరు దగ్గర చీము పడుతుంది. కుందేలుకి పట్టే చీము మనకి పుండు పగిలితే కారే చీములా ఉండదు, జున్నులా గట్టిగా ఉంటుంది. గాటు పెట్టినా కారదు. దవడ ఎముక దాకా పోయిందంటే నెలల తరబడి వైద్యం, అయినా తగ్గుతుందన్న నమ్మకం లేదు. డాక్టర్లు ముందు పళ్ళు తగ్గించడానికి సన్నగా గిర్రున తిరిగే డెంటల్ మిషన్ వాడేది అందుకే. కొన్ని కుందేళ్ళకి దవడ పుట్టుకతోనే కలవదు, ముఖ్యంగా మొహం పొట్టిగా, గుండ్రంగా ఉండే మరుగుజ్జు రకాలకి. వాటికి ముందు పళ్ళు పూర్తిగా తీసేయడమే మేలని కూడా చెప్తారు. వినగానే గుండె ఆగినంత పనవుతుంది గానీ, పళ్ళు తీసేసిన కుందేళ్ళు సన్నగా తరిగి పెడితే పెదవులతోనే అందుకుని హాయిగా తింటాయి.

అసలు చిక్కు మనకి కనిపించే ముందు పళ్ళతో కాదు, కనిపించని వెనక పళ్ళతో.

కుందేలుకి మొత్తం 28 పళ్ళు. ముందు ఆరు. పైన పెద్దవి రెండు, వాటి వెనక దాక్కున్న చిన్నవి రెండు, కింద రెండు. మిగతా 22 బుగ్గల లోపల ఉండే నమిలే పళ్ళు. ఈ 28 కూడా బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. నమిలే పళ్ళని అరగదీసేది గడ్డి. గడ్డి నమిలేటప్పుడు కుందేలు దవడ పక్కలకి ఆడుతుంది, తిరగలి తిప్పినట్టు. పెల్లెట్లు (గుళికల్లా చేసి అమ్మే కుందేలు దాణా), క్యారెట్ ముక్కలు రెండు కొరుకులకే నలిగిపోతాయి, ఆ అరుగుదల ఉండదు. అరగని పన్ను అంచు మొనతేలుతుంది. కింది పళ్ళ మొనలు నాలుక వైపు, పై పళ్ళ మొనలు బుగ్గ వైపు. నోట్లో చిన్న పుండు ఉంటేనే మనం అన్నం ముద్ద మింగలేం. దానికి ప్రతి నములుకీ కత్తి గుచ్చుకుంటుంది.

అయినా అది అరవదు. అడవిలో బలహీనంగా కనిపించిన కుందేలు నక్క నోట్లో పడుతుంది, అందుకే ఓపికున్నంత వరకు నొప్పి దాచుకుంటుంది. "బాధ ఉంటే తెలుస్తుందిలే" అనే మాట వినగానే నాకు మండిపోతుంది. తెలియదు. మనమే వెతకాలి.

దూది విషయంలో నాకు మొదట కనిపించింది గరిక. వినాయక చవితికి తెచ్చిన పత్రిలో మిగిలిన గరిక కడిగి దాని ముందు పెట్టాను. గరిక అంటే దానికి ప్రాణం. పరుగెత్తుకొచ్చింది. ఒక పోచ అందుకుంది, సగం లోపలికి పోయింది, రెండుసార్లు నమిలి ఆగింది. పోచ నోటి పక్కన వేలాడుతోంది. తల ఒకసారి విదిలించి దాన్ని కింద పడేసింది. మళ్ళీ ఇంకోటి అందుకుంది. మళ్ళీ అంతే. పెల్లెట్లు మాత్రం గిన్నె ఖాళీ చేసింది. "గరిక ముదురుగా ఉందేమో" అనుకుని వదిలేశాను.

ఆ రోజే నిర్ణయం తీసుకోవాల్సింది. ఇది నా గట్టి అభిప్రాయం, ఎవరు ఏమన్నా మార్చుకోను. గడ్డి వదిలేసి మెత్తవి మాత్రమే తింటున్న కుందేలు ఆకలితో ఉన్నట్టే, నొప్పితో ఉన్నట్టే. దాన్ని "పెంకితనం" అనకండి.

రెండు వారాలకి మా అమ్మ అంది, "దీని గడ్డం కింద ఎప్పుడూ తడిగా ఉంటోందేంటే?" నిజమే. చొల్లు కారి వెంట్రుకలు అంటుకుపోయి ఉన్నాయి, మూతి తుడుచుకుని తుడుచుకుని ముందు కాళ్ళ లోపలి వైపు కూడా అట్టకట్టాయి. ఎడమ కంటి నుంచి నీరు. పై పళ్ళ వేర్లు పెరిగి కన్నీటి గొట్టాన్ని నొక్కితే కన్ను కారుతుందని తర్వాత తెలిసింది, అప్పుడు మాత్రం దుమ్ము అనుకున్నాం. శనగగింజలంత ఉండే పెంటికలు మిరియాలంత అయ్యాయి. వంటింటి తూకం మీద పెడితే 1,620 గ్రాములు. అంతకుముందు 1,800 ఉండేది. మనకి 180 గ్రాములు లెక్కే కాదు. దానికి ఒంట్లో పదో వంతు.

మొదట తీసుకెళ్ళిన చోట పెదవి ఎత్తి ముందు పళ్ళు చూసి "బాగానే ఉన్నాయి" అని ఆకలి పుట్టించే సిరప్ రాసిచ్చారు. పేరు చెప్పను. ఆయన కుక్కల్నీ పిల్లుల్నీ బాగా చూస్తారు, కుందేళ్ళ అనుభవం లేదు, అంతే. కానీ ఆ మాట నమ్మి ఇంకో పది రోజులు పోగొట్టాను. మీ డాక్టర్ వెనక పళ్ళు చూడకుండా పళ్ళు బాగున్నాయంటే ఒప్పుకోకండి. చెవిలో చూసే లైటు గొట్టం నోట్లో పెట్టి చూడాలి. మెలకువలో ఉన్న కుందేలు నోట్లో అలా చూసినా అన్నీ కనపడవు కాబట్టి తలకి ఎక్స్‌రే అడగండి. వేర్ల సంగతి ఎక్స్‌రేలోనే తెలుస్తుంది.

రెండో డాక్టరమ్మ అలాగే చూశారు. ఎడమవైపు కింది పన్ను మొన నాలుక పక్కన గుచ్చుకుని పుండు చేసింది. మత్తిచ్చి అరగదీశారు, నొప్పికి మెలోక్సికామ్ ఇచ్చారు. మత్తు అనగానే నేను రాత్రి నుంచే తిండి తీసేశాను. ఆవిడ కంగారుపడ్డారు. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి కుక్కకి పెట్టినట్టు దానికి ఉపవాసం అక్కర్లేదు. పైగా పొట్ట ఖాళీ అయితే పేగులు ఆగిపోతాయి. పేగులు ఆగడమే కుందేళ్ళ ప్రాణం తీసేది. 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు పడకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే పరుగెత్తాలి. ఇంకొక మాట, ఇంట్లో పిల్లలకి తెచ్చిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ దాని నోట్లో పోయకండి. కుందేలు పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు చచ్చి, దాని ప్రాణానికే ముప్పు వస్తుంది.

బిల్లు ఆరు వేలు దాటింది. "నాలుగు వందల కుందేలుకి ఆరు వేల పళ్ళ వైద్యమా, ఇంకోటి కొనుక్కోవచ్చుగా" అని మా బాబాయి అన్నాడు. బాబాయి మీద నాకు ప్రేమే, కానీ ఆ మాట నాలో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నాలుగు వందలు దాన్ని అమ్మినవాడు కట్టిన ధర. ఇంటికొచ్చాక అది నా పూచీ. ఆ డబ్బు అందరి దగ్గరా ఉండదని నాకు తెలుసు. అందుకే గడ్డి వదిలేసిన వారమే వెళ్ళమని మొత్తుకుంటున్నాను. చీము గడ్డ అయ్యాక అయ్యే ఖర్చుతో పోలిస్తే మొదటి వారం ఖర్చు చాలా తక్కువ.

అలాగని వంకర కనిపించిన ప్రతిసారీ మత్తిచ్చి అరగదీయమనను. మూడు నెలల తర్వాత చూపిస్తే దూది పళ్ళ అంచు మళ్ళీ కొంచెం ఎత్తుపల్లాలుగా ఉంది. నేను టెన్షన్ పడ్డాను. డాక్టరమ్మ మాత్రం గడ్డి తింటోందా, బరువు నిలకడగా ఉందా అని అడిగారు. రెండూ ఉన్నాయి. అయితే ముట్టుకోవద్దన్నారు. మత్తు కూడా చిన్న విషయం కాదు కదా. వేర్లు పూర్తిగా పాడై, నెల నెలా మత్తు తప్పని ముసలి కుందేలైతే, ఇంకా ఎన్నిసార్లు అని డాక్టర్‌ని సూటిగా అడగడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి ఆదివారం తూకం. కుందేళ్ళకి పెట్టే తిమోతి అనే ఎండుగడ్డి ఆన్‌లైన్‌లో తెప్పిస్తాం, ఖరీదే. మధ్యలో అయిపోతే కాలనీ పార్కులో మందు కొట్టని మూల నుంచి నాన్న గరిక కోసుకొస్తాడు. పెల్లెట్లు రోజుకి రెండు చెంచాలే. రాత్రి హాల్లో లైటు తీసేశాక దూది గడ్డి నమిలే చప్పుడు గది దాకా వినిపిస్తుంది. అది వినిపించని రోజు నేను లేచి వెళ్ళి చూస్తాను.

రేపు పది గంటలకి ఆంటీని, ఆ కుందేలుని మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను. దారిలో తినడానికి సన్నగా తరిగిన కొత్తిమీర డబ్బాలో పెట్టుకోమని చెప్పాను. వాళ్ళ మనవరాలు కూడా స్కూలు మానేసి వస్తానంది.